మా వాడికి పుస్తకం అలవాటు చేసిన టీచరు గారికి

టీచరు గారూ, నమస్కారం. మీకు బదిలీ అయిందని తెలిసినప్పటి నుంచి ఈ నాలుగు ముక్కలు రాయాలని ఉంది. ఎదురుపడితే మాట పెగలదు. అందుకే నలుగురికీ తెలిసేలా ఇక్కడ రాస్తున్నాను.

మూడో తరగతిలో మీ దగ్గరకు వచ్చేనాటికి మా అబ్బాయికి పుస్తకం పేరెత్తితే కడుపునొప్పి వచ్చేది. సాకు కాదు, నిజంగానే మెలికలు తిరిగిపోయేవాడు. అంతకు ముందు చదివిన బడిలో రోజుకొకరిని నిలబెట్టి పాఠం చదివించేవారు. వీడు మ, య దగ్గర తికమకపడేవాడు. ఒత్తు వస్తే ఆగిపోయేవాడు. వెనక బెంచీల నుంచి నవ్వులు. తప్పు చదివిన మాటను ఇంటి దగ్గర పదేసిసార్లు రాసుకు రమ్మనేవారు. చదవడమంటే అందరి ముందూ పరువు పోవడమేనని ఏడేళ్ల పిల్లవాడు తీర్మానించుకున్నాడు.

మీరు వాడిని చాలా రోజుల పాటు చదవమని అడగనే లేదు. చివరి పీరియడ్‌లో మీరే ఒక కథ చదివి వినిపించేవారు. ప్రశ్నలు లేవు, నీతి చెప్పమనడం లేదు. సగంలో గంట కొడితే పుస్తకం మూసేసేవారట. ఇక ఆ సాయంత్రమంతా మా ఇంట్లో అదే గోల, తర్వాత ఏమవుతుందని! గుజరాత్‌లో గిజుభాయి బధేకా గారు 1920లోనే భావనగర్‌లో బాలమందిరం పెట్టి, పిల్లల చదువులో కథలకు పెద్దపీట వేశారని మీరు చెబితేనే నాకు తెలిసింది.

ఆ తర్వాత మీరు చేసిన పని నేను ఎప్పటికీ మరచిపోలేను. మాది చేనేత ఇల్లు. వాళ్ల తాత ఏం చేస్తారో చెప్పమని వాడిని అడిగి, వాడు చెప్పింది చెప్పినట్టే చార్టు మీద పెద్ద అక్షరాలతో రాశారు. ‘తాత మగ్గం గుంటలో కూర్చుంటాడు. కాలితో తొక్కితే పడుగు విడిపోతుంది. ఆ సందులోంచి నాడె పరుగెడుతుంది. కండె అయిపోతే నాయనమ్మ ఇంకొకటి ఇస్తుంది.’ (పడుగంటే మగ్గం మీద నిలువుగా పరిచిన దారాలు, నాడె అడ్డదారాన్ని మోసుకెళ్లేది, కండె ఆ దారం చుట్టి నాడెలో పెట్టేది.) ఆ చార్టును వాడి చేతే చదివించారు. మగ్గంలో గ ఒత్తు, నాయనమ్మలో మ ఒత్తు వాడిని ఆపలేకపోయాయి. అక్కడ ఉన్న మాట ఏమిటో వాడికి ముందే తెలుసు కదా, అక్షరాలే వచ్చి ఆ మాటలో ఇమిడిపోయాయి. ఆ చార్టు ఇప్పటికీ మా మగ్గం పక్క గోడ మీదే ఉంది. బడి మొహం చూడని మా మామగారు వచ్చిన ప్రతి షావుకారికీ దాన్ని చూపిస్తారు.

చదువుతూ ఎక్కడైనా ఆగితే మీరు పక్కన కూర్చుని ఆ మాట మెల్లగా అందించేవారు. వాడు ముందుకు సాగిపోయేవాడు. కొంచెం ధైర్యం వచ్చాక ఒకటో తరగతి పిల్లలకు బొమ్మల పుస్తకం చదివి వినిపించే పని అప్పగించారు. తన కంటే చిన్నవాళ్లు నోరు తెరుచుకుని వింటుంటే వాడు ఎంత పొంగిపోయాడో!

మాకూ ఒక మాట చెప్పారు. రాత్రి పూట వాడిని చదవమని పోరవద్దు, మీరే పావుగంట చదివి వినిపించండి అన్నారు. మా ఆయన పగలంతా మగ్గం మీదే ఉంటారు, అయినా ఆ పావుగంట మానలేదు. ఆయన చదువుతుంటే వాడు భుజం మీద నుంచి తొంగిచూసి తర్వాతి వాక్యం ముందే అనేయడం మొదలుపెట్టాడు.

మన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారని అందరం గొప్పగా చెప్పుకుంటాం. కానీ మా పిల్లలను లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది మీరే. మీ తరగతిని అక్కడికి నడిపించుకు వెళ్లిన రోజు పాత పత్రికల కట్టలు చూసి మా వాడు ఇవన్నీ ఎవరైనా చదవొచ్చా అని అడిగాడట. ఇప్పుడు సెలవు రోజున అక్కడికి తీసుకెళ్లమని వాడే గొడవ చేస్తాడు. ఒత్తులు అప్పుడప్పుడు ఇంకా తప్పుతాయి. తప్పితే వెనక్కి వచ్చి తనే సరిచేసుకుంటాడు. ఆ భయం మాత్రం పోయింది. నాకు అంతకంటే ఏం కావాలి?

మీకు అడ్డు చెప్పకుండా చివరి పీరియడ్‌ను మీ చేతికి వదిలేసిన ప్రధానోపాధ్యాయుల గారికి, అల్లరి చేసే పిల్లలనూ ఓపికగా కూర్చోనిచ్చిన గ్రంథాలయ సిబ్బందికి కూడా మా నమస్కారాలు.

టీచరు గారూ, ఆ కథల పీరియడ్ ఆగదు. ప్రధానోపాధ్యాయుల గారు ఒప్పుకున్నారు. శనివారాలు మా తల్లులమే వంతులవారీగా వచ్చి చదువుతాం. మొదటి వంతు నాదే. మీరు సగంలో ఆపిన కథ ఏ పేజీలో ఉందో మా వాడు గుర్తుపెట్టుకున్నాడు, అక్కడి నుంచే మొదలుపెడతాను.