గింజలో డాలు, దోమ వీపున డాలు

సంపాదకుడు గారికి,

మా వీధిలో బైపీసీ చదివే అమ్మాయి మొన్న సాయంత్రం ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "మేడం, స్కుటెల్లం అంటే మొక్కజొన్న గింజలో ఉండేదని బట్టీ పట్టాను. ఫోన్‌లో వెతికితే ఆకుపచ్చ పురుగు వీపు చూపిస్తోంది. ఏది కరెక్ట్?" అంది. నీట్ టెన్షన్ మొహంలో కనిపిస్తోంది. రెండూ కరెక్టే అంటే నమ్మలేదు.

వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. తప్పు ఆ పిల్లది కాదని నాకు తెలుసు. లాటిన్‌లో స్కూటమ్ అంటే డాలు, స్కుటెల్లం అంటే చిన్న డాలు. ఆకారం చూసి పెట్టిన పేరు. గింజలో ఆ ఆకారం కనబడితే వృక్షశాస్త్రం వాళ్లు, పురుగు వీపున కనబడితే కీటకశాస్త్రం వాళ్లు అదే మాట వాడుకున్నారు. ఆ రెంటికీ చుట్టరికం ఏమీ లేదు. ఈ రెండు వాక్యాలు పాఠంలో ఉంటే పిల్ల అంత కంగారు పడేది కాదు.

ఆమె రికార్డులో మొక్కజొన్న గింజ బొమ్మ ముచ్చటగా ఉంది. గింజ కోసి చూశారా అని అడిగితే, "లేదు మేడం, సీనియర్ల రికార్డు చూసి వేశాం" అంది. ఒక్క కాలేజీలోనే ఇలా ఉంటే నేనీ ఉత్తరం రాసేదాన్ని కాదు.

మర్నాడు, రాత్రంతా నానిన గింజలు నాలుగు తీసుకుని బ్లేడుతో నిలువునా కోశాం. టించర్ అయోడిన్ ఒక చుక్క వేశాం. పిండి ఉన్న భాగం చూస్తుండగానే నల్లబడింది, పక్కనున్న పాలిపోయిన ముక్క మాత్రం అలాగే ఉంది. మొలకను ఒక పక్క నుంచి పొదువుకున్నట్టుండే ఆ ముక్కలో పెద్ద భాగం స్కుటెల్లమే. చింతగింజ మొలిస్తే రెండు బద్దలూ మట్టి పైకి వస్తాయి కదా, మొక్కజొన్నకూ వరికీ ఉన్నది ఈ ఒక్క బద్దే. అది పైకి రాదు. గింజలోనే ఉండి ఎంజైములు వదిలి, పిండి కరిగి చక్కెర అయ్యాక పీల్చి మొలకకు అందిస్తుంది. ఆర్కే బీచ్‌లో కాల్చిన పొత్తు మనమంతా తిన్నవాళ్లమే. గింజ మొదట్లో తెల్లగా కనబడేది ఇదేనని ఎంతమంది పిల్లలకు చూపించాం?

బియ్యంలోనూ అంతే. పాలిష్ పట్టిన బియ్యపు గింజకు ఒక కొసన చిన్న నొక్కు ఉంటుంది, మొలక ఊడిపోయిన చోటు అది. ఆ మొలకతో, తవుడుతో పాటే బి1 విటమిన్ చాలావరకు పోతుంది. పాలిష్ బియ్యమే ఆధారమైన మన ఉత్తర సర్కారు జిల్లాలను ఒకప్పుడు ఆ విటమిన్ లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు పీడించింది.

ఇక పురుగు సంగతి. వానాకాలం ట్యూబ్‌లైట్ దగ్గర వాలే ఆకుపచ్చ కంపుపురుగు వీపున, రెక్కల మధ్య ముక్కోణపు బిళ్ల కనిపిస్తుంది. అదే స్కుటెల్లం. దోమకూ ఉంటుంది. మలేరియా తెచ్చే అనాఫిలిస్‌కు దాని అంచు నున్నగా గుండ్రంగా ఉంటే, డెంగీ తెచ్చే ఏడిస్‌కూ బోదకాలు తెచ్చే క్యూలెక్స్‌కూ మూడు తమ్మెలుగా ఉంటుంది. ఏ దోమో తేల్చుకోవడానికి లెన్సు కింద చూసే గుర్తుల్లో ఇదొకటి. దోమలతో వేగుతున్న విశాఖలో పిల్లలకు ఇంతకంటే దగ్గరి పాఠం ఏముంటుంది?

నేను అడిగేవి రెండే. తెలుగు మాధ్యమం పుస్తకాల్లో ఇలాంటి మాటలను లాటిన్ పేరుతో వదిలేయకుండా, పక్కనే అర్థం రాయండి. తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలు ఎన్నో వేసింది, అవి పిల్లల చేతుల్లోకి రావాలి. "చిరుడాలు" అంటే ఎవరికైనా బొమ్మ కట్టదా? రెండోది, ఇంటర్ ప్రాక్టికల్స్‌లో రికార్డుకు మార్కులు తగ్గించి, గింజ కోసి చూపించినదానికి పెంచండి. ఇందుకు ల్యాబ్ కూడా అక్కర్లేదు. నగరంలో ఏ కాలేజీ పిలిచినా మొక్కజొన్న గింజలు, బ్లేడు, అయోడిన్ నేనే పట్టుకొస్తాను.

ఇట్లు,
విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం