చిట్టా చింపుకున్నవాడి ఉత్తరం

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం

బావా,

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు మిర్చి యార్డులో ఉన్నాను. ఒక పక్క టిక్కీలు దించుతున్న హమాలీల కేకలు, ఇంకో పక్క ఘాటుకు ఆగని నా తుమ్ములు. ఆ గోలలో నువ్వేమో "డిస్కు నిండిపోయింది బావా, లాగ్ ఫైలు తీసేశాను, అయినా ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాలేదు" అంటున్నావు. "రాస్తానులే" అని పెట్టేశాను. ఇదిగో, రాస్తున్నాను. ఆదేశాలన్నీ తెలుగు అక్షరాల్లోనే రాస్తాను, టైపు చేసేటప్పుడు నువ్వే మార్చుకో. ఇరవై ఏళ్ళ స్నేహంలో నీకు ఆ మాత్రం శ్రమ పెట్టే హక్కు నాకుంది.

ముందు నీ డిస్కు సంగతి. లాగ్ ఫైలంటే ప్రోగ్రాము ఎప్పటికప్పుడు రాసుకునే చిట్టా. నువ్వు తీసేసింది ఆ ఫైలు పేరును మాత్రమే. నీ వెబ్‌సర్వర్ ఎంజిన్‌ఎక్స్ ఆ ఫైలును ఇంకా తెరిచి పట్టుకునే ఉంది. గుమ్మం మీద పేరుపలక పీకేసినంత మాత్రాన అద్దెకున్నవాడు ఇల్లు ఖాళీ చేసినట్టు కాదు కదా! పేరు పోయింది కాబట్టి ఫైళ్ళను ఒక్కొక్కటిగా కూడే డీయూ లెక్కలో అది కనబడదు. ఇల్లు ఖాళీ కాలేదు కాబట్టి డిస్కు మొత్తాన్ని చూసే డీఎఫ్ లెక్కలో ఆ చోటు నిండే ఉంటుంది. ఈ రెండు లెక్కలకూ పొంతన కుదరనప్పుడు ముందు అనుమానించాల్సింది దీన్నే. ఎంజిన్‌ఎక్స్‌ను ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టు, చోటు దానంతటదే తిరిగి వస్తుంది. ఇకముందు ఎప్పుడైనా అర్జెంటుగా ఖాళీ కావాలంటే ఫైలును తీసేయకు, ట్రంకేట్ ఆదేశంతో సున్నాకు కుదించు.

ఇది తాత్కాలికం. అసలు వైద్యం న్యూసిస్‌లాగ్, లాగ్‌లను తిప్పే, అంటే పాతదాన్ని పక్కకు జరిపి కొత్తది తెరిచే ప్రోగ్రాము. నీ యంత్రాన్ని నడిపే ఫ్రీబీఎస్‌డీలో, వేళకు పనులు చేయించే క్రాన్ దాన్ని గంటకోసారి లేపుతుంది. ఈటీసీ ఫోల్డరులో న్యూసిస్‌లాగ్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు ఉంది చూడు, అందులో ఒక్క వరుస రాస్తే చాలు: ఏ ఫైలు, దాని అనుమతులు, ఎన్ని పాత ప్రతులు ఉంచాలి, ఎన్ని కిలోబైట్లు దాటితే తిప్పాలి, ఎప్పుడు తిప్పాలి, జీజిప్‌తో నొక్కి చిన్నది చేయాలంటే జెడ్ అక్షరం, ఆ తర్వాత ఎంజిన్‌ఎక్స్ తన ప్రాసెస్ నంబరు రాసుకునే పీఐడీ ఫైలు దారి, చిట్టచివర 30 అనే అంకె. ఆఖరి రెండింటి దగ్గరే అందరూ బోల్తా పడతారు. పీఐడీ ఫైలు రాయకపోతే "ఫైలు మారింది" అనే కబురు యంత్రం లాగ్ రాసే సిస్‌లాగ్‌డీకి వెళుతుంది, ఎంజిన్‌ఎక్స్‌కు అందదు. అది పాత ఫైలులోనే రాసుకుంటూ కూర్చుంటుంది, నువ్వు మళ్ళీ నాకు ఫోను చేస్తావు. ఇక ఆ 30 అంటే యూఎస్‌ఆర్1 సిగ్నల్, లాగ్ ఫైళ్ళు మూసి కొత్తవి తెరువు అని ఎంజిన్‌ఎక్స్‌కు సైగ. లినక్సులో అదే సిగ్నల్‌కు అంకె 10. ఆ అలవాటుతో నీ యంత్రంలో 10 రాశావనుకో, ఫ్రీబీఎస్‌డీలో 10 అంటే సిగ్‌బస్, మెమరీ తప్పు సిగ్నల్, ఎంజిన్‌ఎక్స్ అక్కడికక్కడే ప్రాణం విడుస్తుంది. ఎలా తెలుసని అడగకు.

ఇప్పుడు నా గోల విను. నిన్ను ఇంతగా సతాయిస్తున్నాను కానీ, ఈ సీజనులో నేను చేసిన పని వింటే నువ్వు నెల రోజులు నవ్వుకుంటావు.

నేను లెక్కలు చూసే కమీషన్ కొట్టు తెలుసు కదా. అక్కడ ఒక పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ 12 లినక్సు, దాని మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, ఆ పైన నేను రాసిన పట్టీల ప్రోగ్రాము. రైతు సరుకు కాటా అయ్యాక ధర, కూలి, కమీషన్ అన్నీ లెక్కగట్టి పట్టీ అచ్చు వేసి ఇస్తుంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. కొత్తది కొందామంటే షావుకారు "వచ్చే సీజనుకు చూద్దాం" అంటాడు. ఈ మాట నేను మూడు సీజన్లుగా వింటున్నాను. మార్చిలో ఎండలు ముదిరాయి, కరెంటు పోవడం మొదలైంది. పోయిన ప్రతిసారీ యంత్రం లేస్తుంది, పోస్ట్‌గ్రెస్ లేస్తుంది, నా ప్రోగ్రాము మాత్రం కొన్నిసార్లు లేస్తుంది, కొన్నిసార్లు లేవదు. లేవకపోతే కుర్రాడు మళ్ళీ రీస్టార్ట్ చేస్తాడు, శుభ్రంగా వచ్చేస్తుంది. నేను వెళ్ళి పదిసార్లు రీబూట్ చేసి చూశాను, పదిసార్లూ బంగారంలా లేచింది. "కంప్యూటర్లకు కూడా దిష్టి తగులుతుందండీ" అని కుర్రాడు నిమ్మకాయ కట్టాడు.

లాగ్ చూద్దామని కూర్చుంటే అక్కడ ఏమీ లేదు. ఆ రోజు ఉదయం నుంచి ఉన్నది తప్ప ముందుది ఒక్క వరుస లేదు. అప్పుడు గుర్తొచ్చింది. ఎస్ఎస్‌డీ అరిగిపోతుందేమోనని, ఆరు నెలల కిందట నేనే లాగ్ రాసే జర్నల్‌డీ సెట్టింగుల్లో స్టోరేజ్ అన్నచోట వోలటైల్ అని రాశాను. అంటే లాగ్ అంతా ర్యామ్‌లోనే ఉంటుంది, యంత్రం ఆగితే మొత్తం గాలికి పోతుంది. చిన్న బోర్డుల్లో మెమరీ కార్డు కాపాడుకోవడానికి చేసే పని అది. మంచి డిస్కు ఉన్న యంత్రంలో, అదీ కరెంటు పోయే ఊళ్ళో చేశాను. లాగ్‌ను మామూలు అక్షరాల్లో రాసే ఆర్‌సిస్‌లాగ్ డెబియన్ 12లో మామూలుగా రాదు, మనం కావాలని పెట్టుకోవాలి. నేను పెట్టుకోలేదు. కాబట్టి ఇంకో ప్రతి కూడా లేదు.

ఆ కొట్టులో ఒక పెద్ద గుమాస్తా ఉన్నాడు. కంప్యూటరు వచ్చి ఇన్నేళ్ళయినా ఎర్ర గుడ్డ అట్ట వేసిన పుస్తకంలో రోజువారీ చిట్టా రాస్తూనే ఉంటాడు, రాత్రికి ఆవర్జాకు, అంటే ఖాతాల పుస్తకానికి ఎక్కిస్తాడు. తప్పు పడితే ఒక్క గీత కొడతాడు, కింది అంకె కనబడేలా. పేజీ చింపడం ఆయన దృష్టిలో దొంగతనం లాంటిది. నా అవస్థ చూసి "నీ యంత్రం చిట్టా రాయదా నాయనా?" అన్నాడు. రాస్తుంది కానీ ఆపితే చెరిగిపోతుంది అన్నాను. ఆయన కళ్ళజోడు పైనుంచి నన్ను ఒక చూపు చూశాడు. ఇంకేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ పెట్టింది.

వోలటైల్‌ను పర్సిస్టెంట్‌గా మార్చాను. డిస్కు నిండుతుందన్న భయానికి సిస్టమ్ మ్యాక్స్ యూజ్ 500 ఎంబీ అని కళ్ళెం వేశాను. నిజానికి ఏమీ రాయకపోయినా ఆ డిస్కు భాగంలో 10 శాతం, గరిష్ఠంగా 4 జీబీ దాటకుండా అదే చూసుకుంటుంది. ఇక కరెంటు ఎప్పుడు పోతుందా అని ఎదురుచూడటం. జీవితంలో మొదటిసారి కరెంటు కోతను ఆహ్వానించాను. మూడో రోజు పోయింది. ప్రోగ్రాము లేవలేదు. కుర్రాడు అలవాటుగా రీస్టార్ట్ చేశాడు. నేను పరుగెత్తుకు వెళ్ళి, జర్నల్ చదివి చూపించే జర్నల్‌సీటీఎల్‌కు మైనస్ బీ, మైనస్ ఒకటి ఇచ్చాను, అంటే వెనకటి బూట్‌లో ఏం జరిగిందో చూపించు అని.

అంతా అక్కడ ఉంది బావా, నాటకంలా. యంత్రం లేచింది. పోస్ట్‌గ్రెస్ అంటోంది: నన్ను సరిగా ఆపలేదు, నన్ను నేను బాగుచేసుకుంటున్నాను. అదే సెకనులో నా ప్రోగ్రాము వెళ్ళి తలుపు తట్టింది. "ఇంకా లేస్తున్నాను" అని జవాబు. నా ప్రోగ్రాము అలిగి తప్పుకుంది. సర్వీసులను లేపే సిస్టమ్‌డీ పాపం 100 మిల్లీసెకన్లు ఆగి మళ్ళీ పంపింది. మళ్ళీ అదే జవాబు. అలా 10 సెకన్ల లోపు 5 సార్లు పంపి, ఇక నీతో పడలేనని చేతులెత్తేసింది. ఆ 100 మిల్లీసెకన్లు, ఆ 5, ఆ 10 అన్నీ మనమేమీ రాయకపోతే వర్తించే లెక్కలు. నేను పరీక్షించినప్పుడల్లా మర్యాదగా రీబూట్ చేశాను. మర్యాదగా ఆపితే పోస్ట్‌గ్రెస్‌కు బాగుచేసుకునే పని ఉండదు, చటుక్కున లేస్తుంది, తప్పు దాక్కుంటుంది. నిమ్మకాయ నిర్దోషి.

తప్పు నేను రాసిన యూనిట్ ఫైలుది, అంటే నా ప్రోగ్రామును ఎలా లేపాలో సిస్టమ్‌డీకి చెప్పే ఫైలుది. అందులో వాంట్స్ అని రాసి పోస్ట్‌గ్రెస్ పేరు పెట్టాను, ఆఫ్టర్ రాయలేదు. వాంట్స్ అన్నా రిక్వయర్స్ అన్నా "అది కూడా ఉండాలి" అని చెప్పడమే. "అది లేచాక నేను లేస్తాను" అన్న వరుస చెప్పేది ఆఫ్టర్ ఒక్కటే. పెళ్ళికి ఫలానావారిని పిలవాలనడం వేరు, వాళ్ళు వచ్చేవరకు తాళి కట్టవద్దనడం వేరు. పిలిచాం కదా అని ఊరుకుంటే ఇద్దరూ ఒకేసారి బయలుదేరతారు. ఆఫ్టర్ రాశాను, మళ్ళీ లేపేముందు ఆగే రీస్టార్ట్ సెక్‌ను 10 సెకన్లు చేశాను, మార్పులు చదువుకోమని డీమన్ రీలోడ్ చేశాను. ఆ రాత్రి బ్యాకప్ తీసుకుని, కొట్టు మూసేముందు ప్లగ్గు మూడుసార్లు పీకాను. మూడుసార్లూ లేచింది. షావుకారు చూసి ఉంటే నన్ను పీకేవాడు.

ఒక్క మెలిక మాత్రం గుర్తుంచుకో. ఆఫ్టర్ రాసినా, ఎవరి కోసం ఎదురుచూస్తున్నామో ఆ సర్వీసు టైపు సింపుల్ అయితే లాభం లేదు. సింపుల్ అంటే ప్రాసెస్ పుట్టగానే సిస్టమ్‌డీ దృష్టిలో పని మొదలైనట్టే, అది నిజంగా సిద్ధమైందా లేదా పట్టించుకోదు. పోస్ట్‌గ్రెస్‌కు డెబియన్‌వాళ్ళు ఆ సంగతి ముందే చూసుకున్నారు కాబట్టి బతికిపోయాను.

నువ్వు ఇప్పుడు నవ్వుతున్నావు, తెలుసు. 2014లో డెబియన్ సాంకేతిక సంఘం సిస్టమ్‌డీ వైపు మొగ్గినప్పుడు, రాత్రి రెండింటి దాకా నీతో ఫోనులో పోట్లాడింది నేనే. ఆ అలక మీద కొందరు విడిపోయి సిస్టమ్‌డీ లేని డెవువాన్ మొదలుపెడితే, 2017లో దాని మొదటి వెర్షన్ రాగానే వేసుకుని ఊరంతా చెప్పుకున్నదీ నేనే. లెనార్ట్ పోటరింగ్ 2010లో మొదలుపెట్టిన ఆ వస్తువు అన్నింటినీ తన కిందికి లాక్కుంటోందన్న నా ఫిర్యాదు ఇప్పటికీ ఉంది. కానీ పాత రోజుల్లో ఎస్20, ఎస్21 అంటూ అంకెలతో వరుస పేర్చి, అయినా కుదరకపోతే స్క్రిప్టులో "పది సెకన్లు నిద్రపో" అని రాసుకున్నాం చూడు, దాన్ని వెనకేసుకొచ్చే ఓపిక నాకిప్పుడు లేదు.

జర్నల్ మామూలు అక్షరాల్లో కాక దాని సొంత రూపంలో రాసుకుంటుందన్నదే నా పెద్ద అభ్యంతరం. కళ్ళజోడు అమ్మినవాడి దగ్గరే చిట్టా చదువుకోవాలన్నట్టు. అందుకే ఆర్‌సిస్‌లాగ్ కూడా వేసి పక్కన మామూలు ప్రతి ఉంచుతున్నాను, గుమాస్తా చిట్టా, ఆవర్జా రెండూ ఉంచుకున్నట్టు. సిస్‌లాగ్ మీద నాకు ఒక మమకారం. ఎరిక్ ఆల్‌మన్ 1980ల్లో బర్క్‌లీలో సెండ్‌మెయిల్ అనే మెయిలు ప్రోగ్రాము కోసం రాసుకున్నది, ఇన్నేళ్ళయినా ఆ 0 నుంచి 7 దాకా తీవ్రత మెట్లు అలాగే ఉన్నాయి. 0 అంటే కొంప మునిగింది, 7 అంటే ఊరికే వాగుడు. యూయూసీపీ, న్యూస్ అనే పాతకాలపు నెట్‌వర్క్ సేవలకు కేటాయించిన గదులు ఇంకా ఉన్నాయి, వాటిలో ఉండేవాళ్ళు మాత్రం ఎప్పుడో వెళ్ళిపోయారు. పాత పద్ధతి తేదీలో సంవత్సరం ఉండదు, అదొక్కటి నాకు నచ్చదు. తేదీకి సంవత్సరం లేని పద్దును మా గుమాస్తా ముట్టుకోడు.

నీ ఫ్రీబీఎస్‌డీ వైపు పద్ధతి నాకు ఇప్పటికీ ఇష్టం. స్క్రిప్టు పైన ప్రొవైడ్, రిక్వైర్ అని రెండు వరుసలు, ఆర్‌సీ ఆర్డర్ వాటిని చదివి వరుస తేలుస్తుంది. నెట్‌బీఎస్‌డీలో పుట్టి మీ దగ్గరకు వచ్చిన తెలివి అది. అయితే చచ్చిన సర్వీసును అది తిరిగి లేపదు, ఆ పని కావాలంటే డీమన్ అనే ఆదేశానికి మైనస్ ఆర్ ఇచ్చి దాని చేతిలో పెట్టాలి. ఇంకో మాట, బూట్ సెట్టింగులుండే ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌ను చేత్తో దిద్దడం మానెయ్. అది షెల్ స్క్రిప్టు. ఒక్క కొటేషన్ గుర్తు మూయడం మరిచిపోయావంటే బూట్ మధ్యలో ఆగి సింగిల్ యూజర్ అనే మరమ్మతు స్థితిలో పడేస్తుంది, రూట్ డిస్కేమో చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది, దాన్ని మౌంట్ మైనస్ యూతో రాయడానికి తెరిస్తే తప్ప తప్పు దిద్దుకోలేవు. సిస్‌ఆర్‌సీ ఆదేశంతో మార్చు, కొటేషన్ల బాధ అదే పడుతుంది.

న్యూసిస్‌లాగ్ వరుస రాశాక మైనస్ ఎన్, మైనస్ వీ ఇచ్చి నడిపి చూడు, ఏమీ ముట్టుకోకుండా ఏం చేయబోతోందో చెబుతుంది. ఆ వరుసను నాకు పంపు, చివరి అంకె నేను చూశాకే సేవ్ చెయ్. చెల్లెమ్మను అడిగానని చెప్పు. ఈసారి వైజాగ్ వచ్చినప్పుడు రెండు కిలోల ఎండుమిర్చి తెస్తాను, తేజ రకం, కాస్త జాగ్రత్తగా వాడమను.

షావుకారు నిన్న యూపీఎస్ బ్యాటరీ ధర ఎంతని అడిగాడు. అడిగాడు, అంతే.

నీ,
బావ