తొమ్మిదో ఉత్తరం: దీన్నైనా ఒక మనిషి చదవాలి

గౌరవనీయులైన కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: మీ రోల్‌ప్లేయింగ్ గేమ్ (తలా ఒక పాత్ర వేసుకుని, పాచికలతో ఆడే కథల ఆట) రూల్‌బుక్ గురించి నేను పెట్టిన ఫిర్యాదును చూడకుండానే నాలుగుసార్లు ‘పరిష్కారమైంది’ అని మూసేయడం గురించి.

నమస్కారం.

మీ కంపెనీకి నేను రాస్తున్న తొమ్మిదో ఉత్తరం ఇది. ముందు రాసిన ఎనిమిదీ మీ దాకా రాలేదనే అనుకుంటున్నాను. వచ్చాక, చదివాక కూడా ఊరుకున్నారని అనుకోవడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

పుస్తకం సంగతి త్వరగా చెప్పేస్తాను. నా కోపం పుస్తకం మీద కాదు. మీ కొత్త ఎడిషన్ రూల్‌బుక్‌లో 96వ పేజీ తిప్పితే మళ్ళీ 81వ పేజీ వస్తుంది. 81 నుంచి 96 దాకా రెండుసార్లు ఉన్నాయి, 97 నుంచి 112 దాకా అసలు లేవు. బైండింగులో పదహారు పేజీల ఫారం ఒకటి పోయి, దాని చోట ఇంకోటి రెండోసారి పడింది. అచ్చు పనిలో పొరపాట్లు జరుగుతాయి, దానికి ఎవరినీ తిట్టను. పోయింది మంత్రాల అధ్యాయంలో సగం. అంతే.

చెప్పాల్సింది ఆ తర్వాత జరిగినదాని గురించి.

మొదటి ఉత్తరానికి మర్నాడే జవాబు వచ్చింది. సంతోషపడ్డాను. తెరిచి చూస్తే ‘మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు’ అని ఉంది. నేను అభిప్రాయమేదీ చెప్పలేదు, పేజీలు లేవని చెప్పాను. అదే మాట మళ్ళీ రాశాను. ఈసారి ఫొటోలు అడిగారు. ఆరు తీసి పంపాను, పేజీ నంబర్లు స్పష్టంగా కనపడేలా, పక్కన వేలు పెట్టి మరీ చూపించాను. నాలుగు రోజులకు ఇంకొకరి పేరుతో ఉత్తరం: ‘దయచేసి ఫొటోలు పంపండి.’ పంపానండీ అని రాస్తే, ముందు మాట్లాడినవాళ్ళకు వచ్చిన ఫొటోలు తమకు కనపడవన్నారు. మళ్ళీ పంపాను. మూడో మనిషి వచ్చి వెనక అట్ట మీది బార్‌కోడ్ కావాలన్నారు. అదీ ఇచ్చాను. నాలుగో మనిషి అవేవీ చూడకుండా, కొన్న దుకాణంలో అడగమన్నారు.

అడిగాను. ఆ దుకాణం ఆయన నా ముందే అల్మారాలోంచి మరో మూడు పుస్తకాలు తీసి, 96వ పేజీ దగ్గర తెరిచి చూపించారు. మూడింట్లోనూ అదే తప్పు. ‘వీటిలో ఏది మార్చి ఇచ్చినా మీకు ఉపయోగం లేదండీ, నేనూ కంపెనీకి రాశాను, ఉలుకూ పలుకూ లేదు’ అన్నారు. అమ్మేవాడికీ జవాబు లేదు, కొన్నవాడికీ లేదు. మరి మీరు ఎవరికి జవాబు ఇస్తున్నట్టు?

ఆయన చెప్పిందంతా మీకు రాశాను. తప్పు నా ఒక్క పుస్తకంలో లేదు, మొత్తం అచ్చులోనే ఉండి ఉండవచ్చు, చూసుకోండి అని మీ మంచి కోరే చెప్పాను. గంట తిరక్కుండానే ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ అని మూసేశారు. వెంటనే సర్వే ఒకటి పంపారు, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారని. ఫిర్యాదు మళ్ళీ తెరిచాను, మళ్ళీ మూశారు. ఇలా నాలుగుసార్లు.

చివరికి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు ఎదురుచూశాక ఒకమ్మాయి మాట్లాడింది. యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశారా అని అడిగింది. ఇది కాగితం పుస్తకమమ్మా, టేబుల్ చుట్టూ కూర్చుని పాచికలు వేసి ఆడే ఆట అని చెప్పాను. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. మీరు అమ్మే వస్తువేమిటో మీరే ఆమెకు చెప్పలేదు. ఆమె ఫోన్ పై అధికారికి కలిపింది. ఆయన అన్న రెండు మాటలే ఈ ఉత్తరం రాయిస్తున్నాయి.

మొదటిది: ‘ఊహించుకుని ఆడే ఆటే కదండీ, లేని రూల్స్ మీరే ఊహించుకోవచ్చుగా.’

అయ్యా, ఈ ఆటలు అమ్ముకుని బతికే కంపెనీలో ఉండి అనాల్సిన మాటేనా అది? మాది ఆరేళ్లుగా నడుస్తున్న క్యాంపెయిన్, అంటే అవే పాత్రలతో సాగుతున్న ఒకే కథ. ఐదుగురు ప్లేయర్లు, నేను కథ నడిపించే గేమ్ మాస్టర్‌ని. మంత్రగత్తె పాత్ర వేసే ప్లేయరు ఆరేళ్లుగా ఆ పాత్రను పెంచుకుంటూ వచ్చింది. రేవు పట్నం తగలబడిన సెషన్‌లో ఆ పాత్ర ప్రాణం ఒక్క పాచిక మీద నిలిచింది. ఆ పాచిక దొర్లుతున్నప్పుడు ఆరుగురం ఊపిరి బిగబట్టింది ఎందుకనుకున్నారు? ఎంత పడితే ఏమవుతుందో ముందే అందరికీ తెలుసు కాబట్టి. పడ్డాక నేను మార్చలేను కాబట్టి. కథ ఊహే, రూలు మాత్రం ఒప్పందం. మంత్రం ఎంత దూరం పోతుందో, ఎంతసేపు ఉంటుందో అప్పటికప్పుడు నేనే కల్పిస్తే, ఆ పాత్ర బతికినా నా దయే, చచ్చినా నా తప్పే. అలాంటి బల్ల దగ్గర ఎవరూ ఎక్కువ రోజులు కూర్చోరు.

రెండో మాట: ‘అంత ఇబ్బందిగా ఉంటే వేరే గేమ్ చూసుకోండి.’

పదకొండేళ్లుగా మీ ఆట నడిపిస్తున్నాను. పాత ఎడిషన్లు రెండూ కొన్నాను. కొత్తవాళ్ళను కూర్చోబెట్టి, క్యారెక్టర్ షీట్ నింపడం దగ్గర్నుంచి నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు సొంతంగా రెండు బృందాలు నడుపుతున్నారు, మీ పుస్తకాలతోనే. ఎప్పుడూ మీ నుంచి రూపాయి కమిషన్ అడగలేదు, ఒక పాచిక కూడా ఊరికే తీసుకోలేదు. మీ ఆట మీద ఇష్టంతో చేశాను. ఈ వ్యాపారంలో గేమ్ మాస్టర్ ఏ గేమ్ పట్టుకుంటే బల్ల మొత్తం అటే కదులుతుందని మీకు తెలియదా? అలాంటి మనిషికి వేరేది చూసుకోమని చెప్పడానికి ఆయనకు అర నిమిషం పట్టింది.

సరే, చూసుకున్నాం. పోయిన శనివారం మేం ఆట ఆడలేదు, ఏ గేమ్‌కి మారాలో మాట్లాడుకున్నాం. ఒక ప్లేయరు పవర్డ్ బై ది అపోకలిప్స్ రకం గేములు చూద్దామంది. రెండు ఆరు ముఖాల పాచికలు వేస్తారు. మొత్తం 10 దాటితే, లేదా సరిగ్గా 10 వచ్చినా పూర్తిగా గెలుపు, 7 నుంచి 9 దాకా వస్తే పని అవుతుంది కానీ ఏదో ఒక చిక్కు వచ్చి పడుతుంది, 6 లేదా అంతకు తక్కువైతే కథ గేమ్ మాస్టర్ చేతికి వస్తుంది. పాచికల మీద పడ్డదానికి ఇంకేమీ కలపకపోతే, అవి పడగల 36 రకాల్లో 15 సార్లు ఆ మధ్య ఫలితమే వస్తుంది, అంటే కథ ఎక్కడా ఆగదు. దొంగ పాత్ర వేసేవాడు బ్లేడ్స్ ఇన్ ది డార్క్ కావాలన్నాడు. అందులో ప్రమాదాన్ని గడియారంలా గీసి, ముక్క ముక్కగా నింపుకుంటూ పోతారు. రేవు పట్నం దొంగల ముఠా కథకు అంతకంటే బాగా కుదిరేది లేదని నాకూ అనిపించింది. నేను 1981లో మొదలైన కాల్ ఆఫ్ కథుల్హు పేరు ఎత్తాను, పాత్రకు నైపుణ్యం ఎంత శాతం ఉంటే పాచికలు అంతలోపు పడాలన్న దాని లెక్క ఎవరికైనా ఒక్క నిమిషంలో అర్థమవుతుంది కాబట్టి. కానీ అది భయపెట్టే కథల కోసం పుట్టింది, మా కథ అది కాదు.

అప్పుడు మంత్రగత్తె పాత్ర వేసే ఆమె నెమ్మదిగా ఒక మాట అంది: ‘గేమ్ ఏదైనా సరే, నా పాత్రను మాత్రం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టమనకండి.’ కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు. సిస్టమ్, అంటే ఆట రూల్స్ మొత్తం, మారడమంటే ఏమిటో మీ అధికారికి తెలియదు. పాత్ర ఎంత బలపడిందో చెప్పే తొమ్మిదో లెవెల్ అనే మాటకు లెవెల్స్ లేని గేములో అర్థమే ఉండదు. ఆరేళ్లలో సంపాదించుకున్న మంత్రాల్లో కొన్నింటికి అవతల సాటి దొరకదు. నిమిషంలో అనేసిన ఆ సలహా వెనక మాకు నెలల పని ఉంది, ఆ పని మా మీద వేసింది మీరు.

అందుకే పాత్‌ఫైండర్ రెండో ఎడిషన్ దగ్గర ఆగాం. 2019లో వచ్చింది. లెవెల్స్ ఉన్నాయి కాబట్టి పాత్రలను దాదాపు ఉన్నచోటనే నిలబెట్టవచ్చు. ఒక్కో వంతులో మూడు యాక్షన్లు, వాటిని ఎలా వాడుకోవాలో ప్లేయరు ఇష్టం. కావాల్సిన అంకె కంటే 10 లేదా ఇంకా ఎక్కువ వస్తే మామూలు గెలుపు కాస్తా క్రిటికల్, అంటే ఇంకా పెద్ద గెలుపు, అవుతుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఎక్కువే, అది దాచను. కానీ దాని రూల్స్ అన్నీ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ అనే వెబ్‌సైట్‌లో ప్రచురణకర్త అనుమతితోనే ఉచితంగా ఉన్నాయి. డబ్బు పెట్టి కొన్న మీ పుస్తకంలో లేని మంత్రాల అధ్యాయం అక్కడ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. అది చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డెబ్బై రోజులుగా నేను మీ కాళ్ళావేళ్ళా పడి అడుగుతున్నది పదహారు పేజీలు. కొత్త పుస్తకం కూడా అక్కర్లేదు, ఆ పేజీల పీడీఎఫ్ పంపినా సరిపోయేది. మొదటిరోజే పంపి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

వచ్చే శనివారం పాత్‌ఫైండర్‌లో మా మొదటి ప్రయత్నం. మూడు సెషన్లు ఆడాకే ఏ సంగతీ తేలుస్తాం, ఒక్కరోజు ఆటతో ఏ సిస్టమ్‌నీ తీసిపారేయడం న్యాయం కాదు. ఆ మూడు సెషన్ల లోపు మీ వైపు నుంచి పేరున్న ఒక మనిషి, నా ఉత్తరాలన్నీ చదివి, ఏం జరిగిందో చెప్పి, ఆ రెండు మాటలకు క్షమాపణ చెప్పాలి. దుకాణం ఆయనకూ జవాబు ఇవ్వాలి. లేదంటే మా బల్లతో పాటు నేను నేర్పిన ఆ రెండు బృందాలనూ ఇటు తీసుకొస్తాను, వాళ్ళు ఇప్పటికే అడుగుతున్నారు. ఈ ఉత్తరాలన్నీ తేదీలతో సహా వినియోగదారుల ఫిర్యాదులు చూసే అధికారుల ముందు పెడతాను. కొత్తగా ఆడదామని వచ్చేవాళ్ళు ఏ గేమ్ కొనాలని నన్ను అడిగినప్పుడల్లా మీ 96వ పేజీ తెరిచి చూపిస్తాను.

నా అల్మారాలో మీ పుస్తకాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని ఎవరికైనా ఇచ్చేయడానికి చేతులు రావడం లేదు. రేపు వస్తాయేమో, మీ జవాబును బట్టి ఉంటుంది.

ఇట్లు,
పదకొండేళ్లుగా మీ ఆట నడిపిస్తున్న గేమ్ మాస్టర్

తా.క.: ఫొటోలు ఆరూ ఐదోసారి జత చేస్తున్నాను.