మ్యాచ్ లేదని మా పిల్లల్ని వెనక్కి పంపకండి

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

అయ్యా, మాది శ్రీకాకుళం జిల్లా పలాస. మా అక్క జీడిపిక్కల ఫ్యాక్టరీలో కూలి. ఆమె కొడుక్కి పదిహేనేళ్లు, ఎక్యూట్ మైలాయిడ్ లుకేమియా అనే రక్త క్యాన్సర్. కీమోతో తగ్గినట్టే తగ్గి ఏడు నెలలకు తిరగబెట్టింది. దాత నుంచి రక్తం తయారుచేసే మూలకణాలు తీసుకుని మార్పిడి చెయ్యాలన్నారు, దానికి దాత కణాలు రోగి కణాలతో కలవాలి, అదే మ్యాచ్. చెల్లెలితో మ్యాచ్ కుదరలేదు. ‘ఇంక ఇంటికి తీసుకెళ్లండి’ అని ఒక ఆసుపత్రిలో చెప్పేశారు.

తోడబుట్టినవాళ్లతో పూర్తి మ్యాచ్ కుదిరేది నాలుగింట ఒక వంతే. కానీ కన్నతల్లి బిడ్డకి ఎప్పుడూ సగం మ్యాచ్. ఆ మాట మాకు చెప్పే మరో డాక్టరు గారు దొరికేసరికి నెల గడిచిపోయింది.

ఆయనే నేచురల్ కిల్లర్ కణాల గురించి వివరించారు. లింఫోసైట్లనే తెల్ల రక్తకణాల్లో నూటికి 5 నుంచి 15 దాకా ఉండే ఈ కణాల్ని 1975లో గుర్తించారు. దాదాపు ప్రతి కణం మీదా హెచ్‌ఎల్‌ఏ అనే గుర్తింపు చీటీ లాంటిది ఉంటుందట, మ్యాచ్ చూసేది దీన్నే. తమకు తెలిసిన చీటీ కనబడితే ఇవి ఊరుకుంటాయి, కనబడకపోతే చంపుతాయి. దాతది సగమే మ్యాచ్ అయినప్పుడు, దాత నుంచి వచ్చిన ఆ కణాలకు రోగి లుకేమియా కణం మీద చీటీ కనబడకపోవచ్చు. అప్పుడు దాని పని పడతాయి. ఇటలీలోని పెరూజియా వైద్యులు 2002లో ప్రచురించిన ఫలితాల్లో, ఇలాంటి దాతలు దొరికిన మైలాయిడ్ రోగులకు జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. అందరికీ ఇలా జరగదు, ఇన్‌ఫెక్షన్ల భయమూ ఉంది. అయినా కుదరని ఆ సగమే మా వాడికి అండ కావచ్చని విన్నప్పుడు మా అక్క ఎలా ఏడ్చిందో నాకు తెలుసు.

2020లో అమెరికాలో బొడ్డుతాడు రక్తంలోని ఈ కణాలకు జన్యుమార్పు చేసి ఇస్తే, లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్), దీర్ఘకాలిక లుకేమియా ఉన్న 11 మందిలో 8 మందికి గుణం కనిపించింది. దాన్ని రేపే ఇక్కడికి తెమ్మని అడగడం లేదు.

హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు కావలసింది కాస్త రక్తం, లేదా బుగ్గ లోపల దూదిపుల్లతో తీసిన నమూనా. దానికోసం మా అక్క మూడుసార్లు కూలి మానుకుని విశాఖ వెళ్లింది. నమూనా శ్రీకాకుళంలో తీసి విశాఖ పంపే ఏర్పాటు చెయ్యండి. రోగం బయటపడిన వారంలోనే తల్లిదండ్రులకూ ఆ పరీక్ష చేయించండి. హాఫ్ మ్యాచ్ మార్పిడి ఖర్చు మొత్తం వైద్య సేవ పథకమే భరించాలి. సగం మ్యాచ్ మాట ఎత్తకుండా ఏ ఆసుపత్రీ ఏ బిడ్డనూ ఇంటికి పంపకూడదని ఆదేశం ఇవ్వండి.

మా అక్క రిపోర్టు ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక మేనమామ, పలాస