హ్యాండిల్ ఎత్తితే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

పశువుల మందులు మోసుకుని ములుగు నుంచి తాడ్వాయి వైపు పల్లెలకు రోజూ బండి మీద తిరుగుతాను. నా ఎత్తు 6 అడుగులు. గుంతల దారిలో ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడితే హ్యాండిల్ సరిగా అందక, వంగి వంగి నడుము పట్టేసేది. నిటారుగా నిలబడి మోకాళ్లు కాస్త వదులుగా ఉంచితే కుదుపును కాళ్లే తీసుకుంటాయి. అందుకే హన్మకొండలో ఒక షాపులో హ్యాండిల్ కింద 2 అంగుళాల దిమ్మెలు వేయించాను. నడుముకు నిజంగానే హాయి.

మర్నాడు పస్రా దగ్గర బండి వెనక్కి తిప్పుతుంటే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని ఇంజిన్ దానంతటదే రేజ్ అయింది. కిందపడి మోచెయ్యి చీరుకుపోయింది. చూస్తే ముందు బ్రేకు పైపు కూడా లాగి కట్టిన తాడులా ఉంది. హ్యాండిల్ ఎత్తు పెంచినా, పొడవు చాలని పాత కేబుళ్లే ఉంచేశారు!

మెకానిక్ అన్నలకు నా విన్నపం: ఇంజిన్ ఆన్‌లో ఉంచి, హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూపించాకే బండి అప్పగించండి. బండిలో మార్పులకు 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ హద్దులు పెట్టింది. హ్యాండిల్ విషయంలో ఎంతవరకు పర్వాలేదో రవాణా అధికారులు తెలుగులో ఒక బోర్డు పెట్టి చెప్పాలి.

– ఒక పాఠకుడు, ములుగు