పిట్టకు తీపి ఒక్కటే చాలదురా

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. చెట్టునిండా మేడిపండ్లుంటే పికిలిపిట్ట వాటిని వదిలేసి, కరివేపాకు కొమ్మల్లో గొంగళిపురుగుల కోసం దేవుళ్లాడుతోందేమిటని అడిగావు. దానికి పిచ్చి పట్టలేదు, లెక్క తెలుసు.

బొప్పాయినే తీసుకో. 100 గ్రాముల గుజ్జులో 88 గ్రాములు నీళ్లే, మాంసకృత్తులు అర గ్రాముకు మించవు. పిట్టలు తినే పండ్లు చాలావరకు కాస్త అటూ ఇటూగా ఇంతే. అందుకే పండ్ల మీద బతికే పిట్టకు చక్కెరకు లోటుండదు, మాంసకృత్తులకే కటకట. ఆ కాస్తా రాబట్టాలంటే బోలెడు తినాలి, నీళ్లూ గింజలూ చప్పున బయటికి తోసేసి మళ్లీ తినాలి. తిన్న పండు గింజలు చాలాసార్లు అరగంటలోపే రెట్టలో పడేది అందుకే. పెద్ద పిట్ట ఎలాగో నెట్టుకొస్తుంది. ఈకలు మొలిచే పిల్లకు అలా కుదరదు, మాంసకృత్తులు దండిగా ఉండే పురుగులే కావాలి. నీ పికిలి గూట్లో పిల్లలు ఉండే ఉంటాయి, చూడు.

పచ్చగువ్వది మరో దారి. మర్రి, రావి పండ్ల గింజల్ని కూడా కందనకాయలో నూరేసుకుని వాటిలోని సారం లాక్కుంటుంది. పిల్లలకు గొంతు సంచిలో ఊరే పాలు పడుతుంది. దక్షిణ అమెరికాలో ఆయిల్‌బర్డ్ అనే పిట్ట ఉంది, అది పిల్లలకు కూడా పండ్లే పెడుతుంది. అయితే నూనె దండిగా ఉన్న తాటిజాతి పండ్లు. దాంతో పిల్లలు తల్లికంటే లావెక్కుతాయి కానీ, గూడు వదలడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది!

మేడిపండు పొట్టలో పురుగులని మనం ముఖం చిట్లిస్తాం గానీ, పిట్టకు ఆ చిన్న కందిరీగలు కొసరు. పైగా మేడి, మర్రి, జువ్వి పండ్లలో మిగతా అడవి పండ్లకంటే సున్నం ఎక్కువ. గుడ్డు పెంకు కట్టుకోవాల్సిన తల్లికి అది ఊరికే పోదు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఉత్తర అమెరికా సీడార్ వాక్స్‌వింగ్ సంగతి. వైబర్నమ్ అనే పొద ఎర్రటి పండ్లు చలికాలమంతా కొమ్మలకే వేలాడుతున్నా అది పెద్దగా ముట్టదు. పరమ పులుపు మరి. ఆ ఆమ్లాల్ని ఒంట్లో విరిచేసి బయటికి పంపడానికే మాంసకృత్తులు ఖర్చయిపోతాయి. వసంతంలో కాటన్‌వుడ్ చెట్లు పూయగానే ఆ పూలకంకులు, అంటే పుప్పొడి, నోట్లో వేసుకుంటూ ఈ పండ్లు కూడా లాగిస్తుంది. పుప్పొడిలోని మాంసకృత్తులు ఆ ఖర్చు పూడుస్తాయి. 2001లో అచ్చయిన పరిశోధన ఇది. పండు మంచిదా చెడ్డదా అన్నది పక్కన ఏం దొరుకుతోందన్న దాన్నిబట్టి ఉంటుందన్నమాట.

ఇక గోరింకలకు బెల్లంనీళ్లు పెడుతున్నానన్నావే, ఆపెయ్. వాటిది స్టార్లింగ్ కుటుంబం. మన పంచదార, బెల్లంలో ఉండే సుక్రోజ్‌ను విరిచే సుక్రేజ్ ఎంజైమ్ ఆ పిట్టల పేగుల్లో ఉండదు. అరగని చక్కెర నీటిని పేగులోకి గుంజి విరేచనాలు పట్టిస్తుంది. ద్రాక్షలో దాదాపు అంతా గ్లూకోజు, ఫ్రక్టోజే కాబట్టి అది ఇబ్బంది పెట్టదు. రెండుగా కోసి పెట్టు, ఎండాకాలం పులిసిపోకముందే పూటకోసారి మార్చు. పక్కన వెడల్పు మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు చాలు. బ్రెడ్డు వద్దు, కడుపు నింపడమే తప్ప దానివల్ల ఒరిగేదేం లేదు.

కరివేపాకు మీద మందు కొట్టిద్దామనుకుంటున్నావు కదా. గూడు ఖాళీ అయ్యేదాకా రెండు వారాలు ఓపిక పట్టు, ఆ పురుగుల్ని పికిలే ఏరేస్తుంది. కొట్టించావంటే పిల్లలకు విషం పెట్టినట్టే.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ
మూర్తి