తేలిక ఫ్లైవీలు ఇంజన్ శక్తిని పెంచదు

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, స్పోర్ట్స్ కారుకు తేలిక ఫ్లైవీలునూ (ఇంజన్‌తో పాటు తిరుగుతూ ఊపును దాచి ఉంచే బరువు చక్రం) దానికి సరిపడే క్లచ్చునూ పాత సామాన్ల దుకాణంలో కొని బిగించుకుంటే తక్కువ ఖర్చుతో ఇంజన్ శక్తి పెరుగుతుందని రాశారు. నేను అనంతపురంలో చాలా ఏళ్లు మోటారు మెకానిక్ విద్యార్థులకు పాఠాలు చెప్పి, పదవీ విరమణ తరువాత ఇంటి వెనుక చిన్న షెడ్డులో పనులు చేసుకుంటున్నవాణ్ణి. ఆ వ్యాసాన్ని కత్తిరించి జేబులో పెట్టుకొని ముగ్గురు కుర్రవాళ్లు ఇప్పటికే నా దగ్గరకు వచ్చారు. వాళ్లకు విడివిడిగా చెప్పిన మాటనే మీ పాఠకులందరికీ చెప్పవలసిన అవసరం ఉందనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఫ్లైవీలు అంటే ఏమిటో మా సీమ రైతులకు ఎవరూ నేర్పనక్కరలేదు. కరెంటు మోటార్లు రాకముందు మా బావుల మీద ఉన్న ఆయిల్ ఇంజన్లకు అటొకటి ఇటొకటి పెద్ద ఇనుప చక్రాలుండేవి. హ్యాండిలు పెట్టి బలంగా తిప్పి, చక్రాలు జోరందుకున్నాక లీవరు వదిలితే తప్ప ఆ ఇంజన్ అందుకునేది కాదు. ఒకే సిలిండరున్న ఆ ఇంజన్లో రెండు చుట్లకు ఒక్కసారే మంట పుడుతుంది. మిగిలిన కాలమంతా గాలిని పీల్చడానికీ నొక్కడానికీ పొగను బయటికి తోయడానికీ కావలసిన ఊపును ఆ చక్రాలే దాచి ఉంచి ఇస్తాయి. కర్రతో నాలుగు చుట్లు తిప్పి వదిలిన కుమ్మరి సారె కుండ గోడ లేచేదాకా తిరుగుతూనే ఉండటానికి కారణమూ దాని అంచున ఉన్న బరువే. నాలుగు సిలిండర్ల కారు ఇంజన్లో ప్రతి అర చుట్టుకూ ఒక మంట పుడుతుంది కాబట్టి దానికి అంత పెద్ద చక్రం అక్కరలేదు. అయినా కొంత బరువు ఉండి తీరాలి. దాన్ని ఎంతవరకు తగ్గించవచ్చునన్నదే ఇక్కడి ప్రశ్న.

బరువు తగ్గిస్తే శక్తి పెరగదు. పెట్రోలు మండి పుట్టే శక్తి ఎంతో అంతే ఉంటుంది. అయితే ఇంజన్ వేగం పెరిగేటప్పుడు ఆ శక్తిలో ఫ్లైవీలును తిప్పడానికి పోయే వాటా తగ్గుతుంది. నా విద్యార్థుల చేత నేను వేయించిన లెక్కను ఇక్కడ ఇస్తాను. 28 సెంటీమీటర్ల వ్యాసం, 8 కిలోల బరువు ఉన్న ఫ్లైవీలు తీసేసి, అదే కొలతలో 4 కిలోలది వేశామనుకుందాం. మొదటి గేరులో కారు చక్రం ఒక్కసారి తిరిగేలోపు ఇంజన్ సుమారు 14 సార్లు తిరుగుతుందనుకుంటే, ఆ గేరులో బండి అందుకునే తీరు 90 కిలోల సామాను దింపినట్టుగా ఉంటుంది. అదే అయిదో గేరులో, ఇంజన్ మూడు సార్లకు కొంచెం పైగా తిరిగేచోట, ఆ లాభం 5 కిలోలకు మించదు. గేరు నిష్పత్తి వర్గంగా లెక్కలోకి రావడం వల్లనే ఇంత తేడా. అందువల్ల సిగ్నలు దగ్గర బండి చురుగ్గా కదిలినట్టు అనిపిస్తుంది గానీ, బెంగళూరు హైవే మీద అయిదో గేరులో పోతున్నప్పుడు దాని జాడే తెలియదు. గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు ఒకే వేగంతో లాగుతున్న ఇంజన్‌కు అది చేసే సాయం ఏమీ లేదు.

అయితే ఈ మార్పును నేను పూర్తిగా కొట్టివేయడం లేదు. యాక్సిలరేటరు మీద కాలు పెట్టగానే ఇంజన్ లేవడం, కాలు తీయగానే దిగడం, గేరు మార్చేటప్పుడు ఇంజన్ వేగాన్ని గేర్‌బాక్సు వేగంతో ఇట్టే కలపగలగడం నిజమైన సుఖాలే, వాటిని కోరుకునేవాడికి అవి విలువైనవే. దానికి చెల్లించవలసిన మూల్యాన్ని కూడా అదే వ్యాసంలో రాయకపోవడమే నా అభ్యంతరం. ఐడిలింగులో, అంటే బండి ఆగి ఇంజన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, ఇంజన్ నిలకడగా ఉండదు. కొన్ని బళ్లలో గేర్‌బాక్సు గలగలమంటుంది. క్లచ్ వదిలేటప్పుడు దాచుకున్న ఊపు తక్కువ కాబట్టి బండి సులువుగా ఆగిపోతుంది. క్రాంకు (ఫ్లైవీలును తిప్పే ఇంజన్ ఇరుసు) వేగంలోని చిన్న ఒడిదుడుకులను బట్టి మంట తప్పిందో లేదో కనిపెట్టే కంప్యూటరు ఉన్న కార్లలో, ఏ లోపమూ లేకున్నా హెచ్చరిక దీపం వెలగవచ్చు.

ఇక అసలు విషయానికి, అంటే పాత సామాను సంగతికి వస్తాను. నా దగ్గర చదివిన ఒకాయన కొడుకు ఈ మధ్యే రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు కొన్నాడు. పొరుగు రాష్ట్రంలోని ఒక పాత సామాన్ల దుకాణంలో తేలిక ఉక్కు ఫ్లైవీలు, క్లచ్ ప్లేటు, దాన్ని ఫ్లైవీలుకు అదిమిపట్టే ప్రెషర్ ప్లేటు కలిపి కొని, అక్కడే ఒక గ్యారేజీలో బిగించుకొని వచ్చాడు. పదిహేను రోజులు తిరగకుండానే నా షెడ్డు ముందు బండి ఆపి, "క్లచ్ వదిలితే చాలు బండంతా వణుకుతాంది సార్, ఉన్నది తీసేసి తప్పు చేసినానా?" అని అడిగాడు. గొంతులో దిగులు ఉంది. గేర్‌బాక్సు దింపడానికి మాకు సగం రోజు పట్టింది.

దింపాక కనిపించినవి ఇవి. క్లచ్ ప్లేటు ఒక పక్క నూనెతో నల్లగా నిగనిగలాడుతోంది, ఎందుకంటే క్రాంకు వెనుక ఉండే ఆయిల్ సీలు కారుతున్నా, అంతా విప్పి చేతికి అందుబాటులో ఉన్న సమయంలో ఎవరూ దాన్ని మార్చలేదు. ఫ్లైవీలు ముఖం మీద రూపాయి బిళ్లంత నీలి మచ్చలు రెండు ఉన్నాయి. ఆ మచ్చలు కేవలం రంగు మారిన చోట్లు కావు. రాపిడి వేడికి లోహం అక్కడ కాగి, చల్లారి, గట్టిపడిపోయింది. వేలి గోరుతో గీస్తే పక్కనున్న లోహానికీ దానికీ తేడా తెలియదు గానీ, లేతు మీద పెట్టి చూస్తే కోత ఉలి ఆ మచ్చ దగ్గరికి రాగానే ఎగిరిపడుతుంది. మిగతా చోట తెగి అక్కడ తెగకపోవడంతో ముఖం మరింత ఎగుడుదిగుడు అవుతుంది. అటువంటి దాన్ని లేతుకు కాక, తిరిగే సానరాయితో ముఖాన్ని సమంగా అరగదీసే సర్ఫేస్ గ్రైండింగుకే ఇవ్వాలి. ఫ్లైవీలును క్రాంకుకు పట్టి ఉంచే బోల్టులలో ఒకదాని మెడ సన్నబడి ఉండటం కూడా చూశాము. ఒకసారి సాగేటట్టు బిగించి మళ్లీ వాడకూడని రకం బోల్టులను పాతవే తిరిగి వాడారన్నమాట. నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కలవరపెట్టింది ఆ బోల్టే.

ఎందుకంత కలవరమో వివరించాలి. నిమిషానికి 7,000 చుట్లు తిరిగే ఇంజన్లో 28 సెంటీమీటర్ల ఫ్లైవీలు అంచు గంటకు దాదాపు 370 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. ముందు చెప్పిన 8 కిలోల చక్రంలో ఆ వేగం దగ్గర దాగి ఉన్న శక్తి, ఒక టన్ను కారును రెండు మీటర్ల ఎత్తుకు లేపడానికి సరిపోతుంది. తేలిక చక్రంలో అది సగమే అయినా, ఆ చక్రం తిరిగేది ముందు సీట్లలో కూర్చున్నవారి పాదాలకు దగ్గరలో, బెల్ హౌసింగు అనే పలుచని లోహపు కవచం లోపల. అది పగిలితే ఆ కవచం ఆపలేదు. అందుకే పందేల కార్లకు వాడే ఫ్లైవీళ్లకూ క్లచ్చులకూ అమెరికాలో ఎస్.ఎఫ్.ఐ. ఫౌండేషన్ అనే సంస్థ పెట్టిన 1.1 అనే భద్రతా ప్రమాణం ఉంది. పాతది కొనేవారు దాని మీద అటువంటి ముద్ర ఏదైనా ఉందేమో చూడటం మంచిది.

మేము ఆ చక్రాన్ని పారేయలేదు. ముందు పెట్రోలుతో కడిగి, తాడుకు వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి విన్నాము. సంతలో కుండను వేలితో మోగించి కొనే పద్ధతే ఇది. పగులు ఉన్న లోహం బొంగురుగా పలుకుతుంది. ఇది ఖణేల్‌మని మోగింది. చెవి ఒక్కటే సాక్ష్యం కాదు కాబట్టి, పగుళ్లను చూపే ఎర్ర ద్రవం పూసి, కాసేపు ఆగి, శుభ్రంగా తుడిచి, తెల్లని పొడి చల్లే స్ప్రే కొట్టాము. బోల్టు రంధ్రాల చుట్టూ తెల్లగానే ఉంది. నీలి మచ్చల దగ్గర మాత్రం వెంట్రుక కన్నా సన్నని ఎర్ర గీతలు నాలుగైదు మెల్లగా పైకి తేలాయి. రంధ్రాల దగ్గర ఆ గీత ఒక్కటి కనిపించినా చక్రాన్ని తూకానికి వేసేవాళ్లం. ముఖం మీది గీతలు కావడంతో గ్రైండింగులో 0.3 మిల్లీమీటరు తీయించి, మళ్లీ అదే పరీక్ష చేసి, గీత ఒక్కటీ మిగలలేదని తేల్చుకున్నాకే బ్యాలెన్సింగుకు పంపాము.

బిగించడంలో మేము పాటించిన క్రమంలో కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదు, ప్రతి సర్వీసు మాన్యువల్లోనూ ఉన్నదే. ఆయిల్ సీలు, ఫ్లైవీలు బోల్టులు, క్లచ్ ప్లేటు, పెడలు నొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు కొత్తవి వేశాము. బోల్టులను ఎదురెదురుగా, విడతలుగా, టార్క్ రెంచితో బిగించాము. డయల్ గేజి ఆనించి చక్రాన్ని ఒక చుట్టు తిప్పి, ముఖం ఊగడం లేదని చూశాము. ప్రెషర్ ప్లేటు స్ప్రింగు వేళ్లు అన్నీ ఒకే ఎత్తులో ఉన్నందున దాన్ని మాత్రం పాతదే ఉంచాము. క్లచ్ ప్లేటుకు ఫ్లైవీలు వైపు ఏదో దాని మీదే రాసి ఉంటుంది. అది తిరగబడితే క్లచ్ విడవదు, అయినా ఆ తప్పు చేసినవాళ్లను నేను చాలామందినే చూశాను. చివరికి రాపిడి ముఖాలను మరోసారి తుడిచి, జిడ్డు చేతులు వాటిని తాకకుండా జాగ్రత్తపడ్డాము. క్లచ్ కుదురుకోవడానికి మొదటి 500 కిలోమీటర్లు నిదానంగా నడపమని అబ్బాయికి చెప్పి పంపాను.

వణుకు పోయింది. అయితే టవర్ క్లాక్ దగ్గర సాయంత్రం రద్దీలో బండి ఇప్పటికీ రోజుకొకసారైనా ఆగిపోతోందని అతడే చెప్పాడు. ఎండాకాలంలో, ఆగి ఆగి కదిలే దారిలో అతడు క్లచ్ ఎక్కువసేపు జారనిస్తే ఆ నీలి మచ్చలు మళ్లీ వస్తాయి, ఎందుకంటే పలుచని చక్రం వేడిని తక్కువగా ఇముడ్చుకుంటుంది, అందువల్ల త్వరగా కాగుతుంది. రెండుసార్ల కూలి, కొత్త భాగాలు, గ్రైండింగు, బ్యాలెన్సింగు అన్నీ కలిపి చూస్తే, పాతది కొని అతడు మిగుల్చుకున్నదంతా హరించుకుపోయింది.

మీ వ్యాసంలోని మరొక వాక్యం గురించి కూడా చెప్పి తీరాలి. తేలిక ఫ్లైవీలు దొరకనివారు ఉన్నదాన్నే లేతు మీద పలుచగా కోయించుకోవచ్చునని అందులో ఉంది. చాలా కార్లకు కంపెనీ నుంచి వచ్చేది పోత ఇనుము చక్రం. పోత ఇనుము నొక్కుడును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోదు, చక్రం తిరుగుతున్నప్పుడు దానిలో పుట్టేది లాగుడే. ఆ ఒత్తిడి కూడా వేగానికి వర్గంగా పెరుగుతుంది. రాపిడి ముఖం వెనుక నుంచి లోహం తీసేస్తే వేడిని మింగే మందమూ పోతుంది, పగులును ఆపే బలమూ పోతుంది. నా షెడ్డులో ఆ పని ఎవరు ఎంత ఇస్తామన్నా నేను చేయలేదు, చేయను. తేలిక చక్రం కావలసినవారు ఆ పనికే తయారైన ఉక్కు చక్రాన్నో, ఉక్కు రాపిడి పలక అమర్చిన అల్యూమినియం చక్రాన్నో వెతుక్కోవాలి. అల్యూమినియందైతే ఆ పలకను పట్టి ఉంచే స్క్రూలు వదులై ఉన్నాయేమో, స్టార్టరు పట్టుకునే పళ్ల చక్రం అరిగిందేమో ముందుగా చూసుకోవాలి.

కాబట్టి మిమ్మల్ని కోరేది రెండు విషయాలు. వచ్చే ఆదివారం అనుబంధంలో, శక్తి పెరుగుతుందన్న మాటకూ పోత ఇనుము చక్రాన్ని పలుచగా కోయించవచ్చునన్న సలహాకూ సవరణ వేయండి. ఆ వ్యాసం వచ్చిన పుటలోనే, అదే పరిమాణం అక్షరాలలో వేస్తే, కత్తిరించుకున్న కుర్రవాళ్ల కంట పడుతుంది. రెండవది, పాత ఫ్లైవీలు, క్లచ్ కొనేవారు ఏమేమి పరీక్షించుకోవాలో ఫొటోలతో ఒక వ్యాసం ఇవ్వండి. ఆ అబ్బాయి కారులోంచి తీసిన సన్నబడిన బోల్టును, నూనె పట్టిన ప్లేటును నా షెడ్డులో దాచి ఉంచాను. మీ విలేకరి ఎప్పుడు వచ్చినా చూపిస్తాను, ఫొటోలు తీసుకోవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత మోటారు మెకానిక్ బోధకుడు,
అనంతపురం